బాబాయి బ్లడ్ కల్చర్ పాజిటివ్, మందు మార్చారు, ఇప్పుడు స్టెంట్ అంటున్నారు

#1 వానచినుకు

అందరికీ నమస్కారం. మా బాబాయికి 62 ఏళ్లు, షుగర్ ఉంది. మొన్న సాయంత్రం వణుకుతో జ్వరం, నడుము పక్కన నొప్పి మొదలయ్యాయి. రాత్రికి మాట తడబడింది, మమ్మల్ని గుర్తుపట్టడంలో కూడా తేడా వచ్చింది. ఎమర్జెన్సీకి తీసుకెళ్లేసరికే బీపీ పడిపోయింది. నేరుగా ఐసీయూలోకి తీసుకున్నారు. సెలైన్, బీపీ నిలబెట్టే మందు, యాంటీబయాటిక్ అన్నీ ఆ రాత్రే పెట్టారు.

ఈరోజు పొద్దున రక్తంలో గ్రామ్ నెగటివ్ బ్యాక్టీరియా పెరుగుతోందని ల్యాబ్ నుంచి ఫోన్ వచ్చిందట. వెంటనే సెఫ్‌ట్రయాక్సోన్ ఆపి మెరోపెనెమ్ పెట్టారు. ఇప్పుడు యూరాలజీ డాక్టర్ వచ్చి, కిడ్నీ నుంచి దిగే గొట్టంలో రాయి అడ్డం పడింది, ఈ రాత్రికే స్టెంట్ వేయాలి అంటున్నారు.

పిన్ని చాలా భయపడుతోంది. కళ్లు తెరవలేని మనిషికి ఇప్పుడు ఆపరేషన్ ఏమిటి, కొత్త మందు పనిచేశాక చూద్దాం అంటోంది. మొదట ఇచ్చిన మందు తప్పా? రెండు రోజులు ఆగితే ఏమవుతుంది? అసలు ఇలాంటి కేసులో మనిషి బయటపడటం దేనిమీద ఆధారపడి ఉంటుంది? తెలిసినవాళ్లు చెప్పండి, ప్లీజ్.

#2 ఎర్రసిరా

వానచినుకు గారూ, నేను ఐసీయూలో పనిచేసే డాక్టర్ని. చూడని పేషెంట్ గురించి తీర్పు చెప్పను, అక్కడ మంచం పక్కన ఉన్నవాళ్ల మాటే మీకు ముఖ్యం. కానీ స్టెంట్ సంగతి ఈ రాత్రికి తేలాలి కాబట్టి ముందు అది రాస్తున్నా.

వాయిదా వేయమని అడగకండి. రాయి అడ్డం పడిన కిడ్నీలో చీము కలిసిన మూత్రం ఒత్తిడితో నిలిచిపోతుంది. ఆ ఒత్తిడికి కిడ్నీ వడపోత మందగిస్తుంది, దాంతో నరానికి ఎక్కించిన మందు ఆ మూత్రంలోకి సరిగా చేరదు. పైగా అదే ఒత్తిడి బ్యాక్టీరియాని మళ్లీ మళ్లీ రక్తంలోకి నెడుతుంది. లోపల గడియ పెట్టిన గదిలో మంట ఉంటే బయట గోడ మీద నీళ్లు కొట్టినట్టు ఉంటుంది ఒట్టి మందుతో వైద్యం. అమెరికా ఆస్పత్రుల రికార్డులతో 2013లో ఒక విశ్లేషణ వచ్చింది. రాయి, సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతినే స్థితి) రెండూ ఉన్నవాళ్లలో అడ్డు తొలగించినప్పుడు చనిపోయింది 8.8 శాతం, తొలగించనప్పుడు 19.2 శాతం. 

ఇంకో మాట. ఇది రాయి తీసే ఆపరేషన్ కాదు. మూత్రం దారిలోంచి సన్నటి కెమెరా పంపి, రాయిని దాటించి ఒక గొట్టం పెట్టి వచ్చేస్తారు. రాయి అక్కడే ఉంటుంది, దాని పని ఇన్ఫెక్షన్ పూర్తిగా తగ్గాక. స్టెంట్ పైకి వెళ్లకపోతే వీపు వైపు నుంచి సూదితో కిడ్నీలోకి గొట్టం వేస్తారు. ఏ దారైనా ఫర్వాలేదు, నిలిచిపోయిన మూత్రం బయటికి రావాలి. నీరసంగా ఉన్నారు కాబట్టి ఆగుదాం అని మీకు అనిపించడం సహజం. ఆయన్ని అలా పడేసింది ఆ అడ్డే.

#3 వానచినుకు

థాంక్స్ డాక్టర్ గారూ. మొత్తం పిన్నికి చదివి వినిపించాను. సంతకం పెట్టింది. 9 గంటలకు లోపలికి తీసుకెళ్తామన్నారు.

#4 నిప్పుకోడి

నాకు ఒకటి అర్థం కాదు. మొదటి రోజే మెరోపెనెమ్ పెట్టేస్తే ఈ మార్చడాలు ఉండేవి కాదుగా? చిన్న మందుతో మొదలుపెట్టి, పనిచేయకపోతే పెద్దది వేస్తాం అనే పద్ధతి మనిషి ప్రాణంతో ఆడుకోవడమే. స్ట్రాంగ్ మందు చేతిలో పెట్టుకుని వీళ్లు ఎందుకు దాచుకుంటారో.

#5 అగార్‌ప్లేట్

నిప్పుకోడి గారూ, ల్యాబ్ వైపు నుంచి చెప్తాను. నేను మైక్రోబయాలజీలో ఉన్నాను.

బాబాయి గారు వచ్చిన గంటలో ఏ బ్యాక్టీరియానో ఎవరికీ తెలీదు. రక్తం తీసి సీసాల్లో పోస్తారు. ఆ సీసాలు మా మెషీన్‌లో శరీరం వేడికి దగ్గరగా, మెల్లగా ఊగుతూ ఉంటాయి. బ్యాక్టీరియా పెరిగితే కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది, దానికి సీసా అడుగున ఉన్న సెన్సర్ పసుపు రంగుకి తిరుగుతుంది, మెషీన్ మోగుతుంది. సీసాని 5 రోజుల దాకా ఉంచుతాం కానీ నిజంగా ఇన్ఫెక్షన్ ఉన్నవి చాలావరకు మొదటి 24 నుంచి 48 గంటల్లోనే మోగుతాయి. మోగగానే ఒక చుక్క తీసి స్లైడ్ మీద గ్రామ్ స్టెయిన్ చేసి, గులాబీ రంగు కడ్డీలు కనిపిస్తే "గ్రామ్ నెగటివ్ బ్యాసిలై" అని వార్డుకి ఫోన్ చేస్తాం. అవతలివాళ్లు ఆ మాట తిరిగి మాకు చదివి చెప్పాలి, టైమ్ రాసుకోవాలి. మీకు పొద్దున వచ్చిన ఫోన్ అదే. పేరు, ఏ మందుకి లొంగుతుంది అనేవి ఆ తర్వాత వస్తాయి. మాల్డీ-టాఫ్ మెషీన్ ఉన్నచోట కాలనీ దొరికిన నిమిషాల్లో పేరు తెలుస్తుంది. సెన్సిటివిటీకి మాత్రం మామూలుగా ఇంకో రోజు పడుతుంది.

అంటే మొదటి మందు ఎప్పుడూ అంచనాయే. ఇన్ఫెక్షన్ ఎక్కడ మొదలైనట్టుంది, ఈమధ్య ఆస్పత్రిలో ఉన్నారా, ఇంతకుముందు యాంటీబయాటిక్స్ వాడారా, ఆ ఆస్పత్రిలో ఏ బ్యాక్టీరియా దేనికి మొండికేస్తోంది, ఇవన్నీ చూసి వేస్తారు. షాక్‌లో ఉన్న పేషెంట్‌కి మొదటే మెరోపెనెమ్ పెట్టే డాక్టర్లూ ఉన్నారు, అది తప్పనలేను. కానీ జ్వరంతో వచ్చిన ప్రతి ఒక్కరికీ అలా పెడితే రేపు మెరోపెనెమ్‌కి కూడా లొంగనివే మిగులుతాయి. ఆ రిపోర్టులు టైప్ చేసేది నేనే, కాబట్టి నాకు భయం. 2019లో మందులకు లొంగని బ్యాక్టీరియా వల్లే నేరుగా జరిగిన మరణాలు ప్రపంచమంతటా 12.7 లక్షలని 2022లో లాన్సెట్‌లో వచ్చిన అంచనా.

#6 ఎర్రసిరా

దీనికి కొంచెం కలుపుతాను. సెఫ్‌ట్రయాక్సోన్‌కి లొంగని ఈ.కోలై, క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియాలు రక్తంలో ఉన్నప్పుడు ఏ మందు మేలో తేల్చడానికి మెరినో అనే ట్రయల్ జరిగింది, 2018లో ఫలితాలు వచ్చాయి. ల్యాబ్ రిపోర్టులో పిపరాసిలిన్-టాజోబ్యాక్టమ్ కూడా పనిచేస్తుందనే ఉంది. అయినా 30 రోజుల్లో ఆ మందు తీసుకున్నవాళ్లలో 12.3 శాతం, మెరోపెనెమ్ తీసుకున్నవాళ్లలో 3.7 శాతం చనిపోయారు. కాబట్టి పెద్ద మందుకి ఒక చోటు ఉంది. ఆ చోటు ఏదో చెప్పేది కల్చర్.

#7 నైట్‌షిఫ్ట్

ఆ కల్చర్ సరిగ్గా తీస్తేనే కదా డాక్టర్ గారూ ఏదైనా చెప్పేది! నేను స్టాఫ్ నర్సుని. ఈ పని మీద నాకు పట్టింపు ఎక్కువ, అందుకే పొడుగ్గా రాస్తున్నా.

సీసా పైన ప్లాస్టిక్ మూత తీస్తే రబ్బరు మూత ఉంటుంది. మూత తీశాం కదా అని అది శుభ్రంగా ఉన్నట్టు కాదు, స్పిరిట్‌తో తుడవాలి. చేతి మీద క్లోర్‌హెక్సిడిన్ రుద్ది ఆరనివ్వాలి. ఆరేదాకా ఆగడమే అందరికీ కష్టం, పేషెంట్ వణికిపోతుంటే ఆ అర నిమిషం చాలా పొడుగ్గా ఉంటుంది. తుడిచాక నరం దొరకలేదని మళ్లీ వేలితో తడిమితే మొదటికొచ్చినట్టే. పెద్దవాళ్లకి ఒక్కో సీసాలో 8 నుంచి 10 మిల్లీలీటర్ల రక్తం పడాలి, సీసా పక్కన గీతలు ఉండేది అందుకే. గాలి ఉండే సీసా, గాలి లేని సీసా కలిపి ఒక సెట్. రెండు వేర్వేరు చోట్ల నుంచి కనీసం రెండు సెట్లు తీయాలి. బటర్‌ఫ్లై సూది వాడితే గొట్టంలో గాలి ఉంటుంది కనుక ముందు గాలి ఉండే సీసా నింపాలి. ఏ చేయి, ఏ టైమ్ అన్నది లేబుల్ మీద రాయాలి.

హడావుడిలో జరిగేది ఏమిటంటే ఒకే సీసా, అందులో 3 మిల్లీలీటర్లు. తర్వాత "నో గ్రోత్" అని రిపోర్ట్ వస్తే ఇన్ఫెక్షన్ లేదేమో అనుకుంటారు.

#8 అగార్‌ప్లేట్

నైట్‌షిఫ్ట్ గారికి దండం. పెద్దవాళ్ల రక్తంలో ఒక్కోసారి మిల్లీలీటరుకి ఒక్క బ్యాక్టీరియా కూడా ఉండదు. తక్కువ రక్తం తీస్తే అసలు సీసాలోకే రాదు. 2007లో వచ్చిన ఒక అధ్యయనంలో మొదటి సెట్‌తో దొరికింది 73 శాతం, రెండు సెట్లతో దాదాపు 90 శాతం.

రెండు చోట్ల ఎందుకన్నదానికి ఇంకో కారణం కూడా ఉంది. చర్మం మీద మామూలుగా ఉండే స్టెఫైలోకాకస్‌లు సూదితో పాటు సీసాలోకి దిగుతాయి. నాలుగు సీసాల్లో ఒక్కదాంట్లోనే అది పెరిగితే చాలాసార్లు చర్మానిదే. నాలుగింట్లో పెరిగితే సీరియస్. ఒకే సీసా పంపి "ఇది నిజమైనదా, కాదా" అని నన్నడిగితే నేనేం చెప్పను.

#9 నిప్పుకోడి

సరే, ఒప్పుకుంటాను. కానీ ఈ తుడవడాలు, ఆరబెట్టడాలు అయ్యేదాకా యాంటీబయాటిక్ ఆపాలా? సెప్సిస్‌లో ప్రతి గంట ఆలస్యానికి బతికే అవకాశం 7.6 శాతం పడిపోతుందని ఎన్నిచోట్ల చదివాను. గంటకి 7.6 అంటే మాటలు కాదు.

#10 లెక్కతేల్చు

ఆ 7.6 నా పాత స్నేహితుడు. దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్తా.

2006లో కుమార్ బృందం రాసింది. సెప్టిక్ షాక్‌లో, అంటే బీపీ పడిపోయిన పేషెంట్ల పాత రికార్డులు చూశారు. బీపీ పడిన మొదటి గంటలో పనిచేసే మందు పడినవాళ్లలో 79.9 శాతం బతికారు. తర్వాతి 6 గంటల్లో ఒక్కో గంటకి సగటున 7.6 చొప్పున తగ్గింది. ఇది షాక్‌లో ఉన్నవాళ్ల లెక్క. జ్వరం ఉండి, బీపీ మాత్రం బాగానే ఉన్న మనిషికి దీన్ని అంటించకూడదు. పైగా ఆలస్యంగా మందు అందినవాళ్లు మొదటినుంచీ వేరే రకం పేషెంట్లు అయ్యుండొచ్చు, రికార్డుల నుంచి దాన్ని పూర్తిగా విడదీయలేం.

న్యూయార్క్ రాష్ట్రంలో 149 ఆస్పత్రుల్లో 49,331 మంది మీద 2017లో వచ్చిన అధ్యయనంలో కల్చర్, లాక్టేట్ (కణాలకు రక్తం సరిగా అందనప్పుడు పెరిగే పదార్థం) పరీక్ష, యాంటీబయాటిక్ కలిపి పూర్తిచేయడానికి పట్టిన ఒక్కో గంటకీ మరణం ఆడ్స్ (చనిపోయే, బతికే అవకాశాల నిష్పత్తి) 4 శాతం పెరిగాయి. దిశ అదే, తీవ్రత బాగా తక్కువ. అందుకే 2021 సర్వైవింగ్ సెప్సిస్ మార్గదర్శకాలు రెండుగా విడదీశాయి. షాక్ ఉన్నా, సెప్సిస్ అని గట్టిగా అనిపించినా గంటలోపు మందు. షాక్ లేదు, సెప్సిస్ అవునో కాదో తేలట్లేదు అంటే త్వరగా పరీక్షలు చేసి, అనుమానం అలాగే ఉంటే 3 గంటల్లోపు. నాకు ఇదే సబబుగా ఉంది. గడియారం పట్టుకుని అందరికీ గంటలో మందు కొట్టేస్తే వైరల్ జ్వరాలకి కూడా మెరోపెనెమ్ పడుతుంది.

#11 నైట్‌షిఫ్ట్

నిప్పుకోడి గారూ, ఆపమని ఎవరూ అనలేదు. ఇద్దరం ఉంటే ఒకరు రక్తం తీస్తుంటే ఇంకొకరు మందు కలుపుతారు. కల్చర్ వల్ల ముప్పావు గంట దాటి ఆలస్యమయ్యేట్టుంటే మందే ముందు. కానీ "మందు పెట్టాక తీరిగ్గా తీద్దాం" అనేది నేను ఒప్పుకోను.

#12 లెక్కతేల్చు

దానికీ అంకె ఉంది :) 2019లో 325 మందికి మందుకు ముందు ఒకసారి, మందు మొదలుపెట్టిన రెండు గంటల్లోపు మళ్లీ ఒకసారి కల్చర్ తీసి చూశారు. ముందు తీసినవి 31.4 శాతం పాజిటివ్, తర్వాత తీసినవి 19.4 శాతమే. అవే శరీరాలు.

#13 వానచినుకు

అప్‌డేట్. స్టెంట్ వేశారు. అరగంట కూడా పట్టలేదు. గొట్టం పైకి వెళ్లగానే చీములాంటి మూత్రం వచ్చిందని, దాన్ని కూడా కల్చర్‌కి పంపామని యూరాలజీ డాక్టర్ చెప్పారు. ఇంకా బీపీ మందు మీదే ఉన్నారు. కొత్తగా హైడ్రోకార్టిసోన్ పెట్టారు. ఇన్ఫెక్షన్ ఉన్న మనిషికి స్టెరాయిడ్ ఏమిటని మళ్లీ టెన్షన్.

#14 ఎర్రసిరా

మంచి వార్త. స్టెంట్ వేసిన కొన్ని గంటల్లో ఒక్కోసారి జ్వరం, బీపీ కాస్త అటూ ఇటూ అవుతాయి, కదిపినప్పుడు కొంత బ్యాక్టీరియా రక్తంలోకి వస్తుంది. దాన్ని చూసి బెంబేలు పడకండి.

హైడ్రోకార్టిసోన్ ఇక్కడ ఇన్ఫెక్షన్‌కి మందు కాదు. బీపీ నిలబెట్టే మందు నార్ అడ్రినలిన్ ఎక్కువ మోతాదులో, గంటల తరబడి అవసరమవుతున్నప్పుడు రక్తనాళాలు దానికి బాగా స్పందించేలా చేయడానికి ఇస్తారు. 2018లో వచ్చిన అడ్రినల్ ట్రయల్‌లో షాక్ త్వరగా తగ్గింది, మరణాల్లో మాత్రం పెద్ద తేడా కనిపించలేదు. అదే ఏడాది ఫ్రాన్స్ ట్రయల్‌లో దీనికి ఫ్లూడ్రోకార్టిసోన్ జతచేస్తే మరణాలు 49.1 నుంచి 43 శాతానికి తగ్గాయి. షుగర్ పెరుగుతుంది, ఇన్సులిన్‌తో చూసుకుంటారు.

మీరు అడిగిన మూడో ప్రశ్న, బయటపడటం దేనిమీద ఆధారపడుతుంది అన్నది. వయసు, పాత జబ్బులు, ఎన్ని అవయవాలు దెబ్బతిన్నాయి, ఇవి మన చేతిలో లేవు. బీపీ నిలబెట్టే మందు అవసరమై, సెలైన్ ఎక్కించాక కూడా లాక్టేట్ 2 మిల్లీమోల్స్ దాటి ఉంటే దాన్ని సెప్టిక్ షాక్ అంటాం. ఆ స్థితిలో ఆస్పత్రిలో మరణాలు 40 శాతం పైనే అని 2016లో ఆ నిర్వచనం ఇచ్చిన లెక్కలు. పిన్ని గారికి ఈ అంకె చెప్పక్కర్లేదు. రకరకాల మూలాలు కలిసిన సగటు అది. మూత్రం నుంచి మొదలై, అడ్డు తొలగిపోయిన కేసులు ఊపిరితిత్తుల నుంచో పేగుల నుంచో వచ్చినవాటి కంటే మామూలుగా బాగా కోలుకుంటాయి.

మన చేతిలో ఉన్నవి: మందు త్వరగా పడటం, అది సరైనది కావడం, మూలాన్ని వెతికి తొలగించడం. ఈ మూడోదే ఎక్కువసార్లు మర్చిపోతారని నా అభిప్రాయం. నా వరకు మూడో రోజు పేషెంట్ మెరుగవకపోతే మందు మార్చే ముందు స్కాన్ మళ్లీ చూస్తాను.

#15 పాతపుస్తకం

ఈ చర్చలో డాక్టర్లూ నర్సులూ ఉన్నారు కాబట్టి నేను నోరు మూసుకుని చదువుతున్నా. కానీ "స్ట్రాంగ్ మందు" అన్న మాట విన్నాక పాత సంగతి ఒకటి గుర్తొచ్చింది.

1941లో బోస్టన్ సిటీ హాస్పిటల్ నుంచి స్కిన్నర్, కీఫర్ అనే ఇద్దరు 122 కేసులు ప్రచురించారు. అందరికీ రక్తంలో స్టెఫైలోకాకస్ ఆరియస్. చనిపోయింది 82 శాతం. అదే ఏడాది ఫిబ్రవరిలో ఆక్స్‌ఫర్డ్‌లో ఆల్బర్ట్ అలెగ్జాండర్ అనే పోలీసుకి పెన్సిలిన్ ఇచ్చారు. జ్వరం దిగింది, అన్నం తిన్నాడు. మందు ఎంత కరువంటే ఆయన మూత్రంలోంచి పెన్సిలిన్ తీసి మళ్లీ ఎక్కించారు. అదీ అయిపోయింది, మార్చి 15న చనిపోయాడు. ఆ రోజుల్లో నిజంగానే అంతా మందు మీదే ఆధారపడింది. ఇప్పుడు మందు ఉంది, అయినా స్టెఫ్ ఆరియస్‌లో నాలుగో వంతుకి అటూ ఇటూగా పోతూనే ఉన్నారని చదివాను. ఎందుకు?

#16 తీగమల్లి

పాతపుస్తకం గారూ, ఆ ఎందుకుకి జవాబు మా ఇంట్లో చూశాను.

మా ఆయనకి డయాలసిస్ గొట్టం ఉండేది. దాని దగ్గర ఎర్రబడి జ్వరం వచ్చింది. మొదట చూపించిన చోట ఇంజెక్షన్లు ఇచ్చారు, జ్వరం తగ్గగానే ఇంటికి పంపేశారు. గొట్టం మార్చలేదు, కల్చర్ మళ్లీ తీయలేదు. కొన్నాళ్లకి నడుం నొప్పితో లేవలేకపోయారు. రెండోచోట వచ్చిన ఇన్ఫెక్షన్ డాక్టర్ గారు ఫైల్ తిరగేసి మొదట అడిగిన ప్రశ్న, "రక్తం క్లియర్ అయిందని ఎవరు చెప్పారు?" అని. ఎవరూ చెప్పలేదు.

ఆ రోజే గొట్టం తీసేశారు. రక్తంలో బ్యాక్టీరియా పోయేదాకా మళ్లీ మళ్లీ కల్చర్ తీస్తూనే ఉన్నారు. గొంతులోంచి పంపి చేసే ఎకో తీసి గుండె కవాటాలు చూశారు, అవి బాగున్నాయి. వెన్నుకి ఎంఆర్ఐ తీస్తే డిస్క్‌లోకి పాకిందని తేలింది. అక్కడినుంచి ఆరు వారాల మందు. ఇంకో విచిత్రం, వ్యాంకోమైసిన్ ఆపి సెఫజోలిన్ అనే పాత మందు పెట్టారు. పెద్ద మందు తీసేస్తున్నారంటే ఆశ వదులుకున్నారేమో అని ఏడ్చాను కూడా.

#17 అగార్‌ప్లేట్

చాలామంది అలాగే అనుకుంటారమ్మా. మెథిసిలిన్‌కి లొంగే స్టెఫ్ అయితే సెఫజోలిన్ లాంటివి వ్యాంకోమైసిన్ కంటే వేగంగా చంపుతాయి. వ్యాంకోమైసిన్ మీద ఉంచేస్తేనే నష్టం. మీ డాక్టర్ చేసిందే సరైన పని.

#18 ఎర్రసిరా

తీగమల్లి గారు రాసింది మెడికల్ స్టూడెంట్లకి చదివించాలి. స్టెఫ్ ఆరియస్ రక్తంలో ఉంటే జ్వరం తగ్గడం మీద నమ్మకం పెట్టుకోకూడదు. అది కవాటాల మీద, వెన్నులో, కీళ్లలో, లోహపు పరికరాల మీద దాక్కుంటుంది. సులువైన కేసుకి కూడా మొదటి నెగటివ్ కల్చర్ నుంచి లెక్కపెట్టి కనీసం 14 రోజులు, చిక్కున్న కేసుకి 4 నుంచి 6 వారాలు. ఇన్ఫెక్షన్ స్పెషలిస్ట్ స్వయంగా వచ్చి చూసిన పేషెంట్లలో మరణాలు తక్కువని ఎన్నో అధ్యయనాల్లో కనిపించింది. ఆయన కొత్త మందేమీ తేడు. గొట్టం తీయించడం, కల్చర్ మళ్లీ పంపడం, ఎకో అడగడం, ఇవి తప్పకుండా జరిగేలా చూస్తాడు, అంతే.

#19 నిప్పుకోడి

ఆ గొట్టాలు అసలు ఆస్పత్రుల్లో వేసేవే కదా. అంటే ఆస్పత్రికి వెళ్లి ఇన్ఫెక్షన్ తెచ్చుకోవడం. దీనికి ఎవరు బాధ్యులు?

#20 నైట్‌షిఫ్ట్

ఈసారి మీతో ఏకీభవిస్తున్నా. సెంట్రల్ లైన్ (పెద్ద రక్తనాళంలో వేసే గొట్టం) ఇన్ఫెక్షన్లలో చాలావరకు ఆపగలిగినవే. మిషిగన్‌లో పీటర్ ప్రొనొవోస్ట్ బృందం నూరుకి పైగా ఐసీయూల్లో చేసి 2006లో ప్రచురించింది. చేతులు కడుక్కోవడం, లైన్ వేసేటప్పుడు గౌను, మాస్కు, ఒళ్లంతా కప్పే షీటు, క్లోర్‌హెక్సిడిన్, వీలైనంతవరకు గజ్జల్లో వేయకపోవడం, అవసరం తీరిన లైన్ తీసేయడం. ఈ ఐదే. వెయ్యి లైన్-రోజులకు (ఒక్కో పేషెంట్‌కి లైన్ ఉన్న ఒక్కో రోజూ ఒకటిగా లెక్క) 2.7 ఇన్ఫెక్షన్లు ఉన్న మధ్యస్థ రేటు మూడు నెలల్లో సున్నాకి వచ్చింది. కొత్త మందు లేదు, కొత్త మెషీన్ లేదు. ఎవరైనా ఒక మెట్టు దాటేస్తే అక్కడి నర్సు "ఆపండి" అనొచ్చని ముందే చెప్పి ఉంచారు. నాకు నచ్చింది ఆ ముక్క. పెద్ద డాక్టర్‌ని మధ్యలో ఆపడం ఎంత కష్టమో ఈ డ్యూటీ చేసినవాళ్లకే తెలుస్తుంది.

మీ మనిషికి లైన్ ఉంటే రోజూ ఒక్క మాట అడగండి: "ఇది ఇంకా అవసరమా అండీ?" అని. మర్యాదగా అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.

#21 పాతపుస్తకం

అడగడం అంటే గుర్తొచ్చింది. #10లో న్యూయార్క్ అధ్యయనం చెప్పారు కదా, ఆ లెక్కలు పుట్టడానికి కారణమే ఒక పిల్లవాడు. రోరీ స్టాంటన్, 12 ఏళ్లు, 2012. స్కూల్లో ఆడుతూ పడితే చేయి గీసుకుంది. తర్వాత జ్వరం, వాంతులు. ఎమర్జెన్సీలో చూసి ఇంటికి పంపారు. వెళ్లాక వచ్చిన రక్తపరీక్షల్లో తేడా కనిపించినా ఆ సంగతి తల్లిదండ్రులకు చేరలేదు. గ్రూప్ ఎ స్ట్రెప్టోకాకస్ సెప్సిస్‌తో చనిపోయాడు. వాళ్ల పోరాటంతో 2013లో ఆ రాష్ట్రంలో ప్రతి ఆస్పత్రికీ సెప్సిస్ పద్ధతి తప్పనిసరి చేశారు. పిల్లలకి సంబంధించిన పరీక్షల్లో తేడాలుంటే తల్లిదండ్రులకు చెప్పాలన్న నియమం కూడా వచ్చింది.

#22 మోడరేటర్

చర్చ బాగుంది, కొనసాగించండి. ఒక మనవి: మీ సొంత అనుభవాల్లో ఆస్పత్రుల పేర్లు రాయొద్దు. రెండు పోస్టులు తీసేయాల్సి వచ్చింది.

#23 వానచినుకు

బీపీ మందు పూర్తిగా ఆపేశారు. బాబాయి పేరు పెట్టి పిలిచారు నన్ను. కల్చర్‌లో ఈ.కోలై వచ్చింది, సెఫ్‌ట్రయాక్సోన్‌కి లొంగదట, మెరోపెనెమ్‌కి లొంగుతుంది. డాక్టర్ గారు 7 రోజులు చాలు అంటున్నారు. ఇంత పెద్ద జబ్బుకి 7 రోజులేనా? మా చుట్టాల్లో ఒకాయన 14 రోజులు పట్టుబట్టి చేయించుకోమంటున్నాడు.

#24 లెక్కతేల్చు

ఇది ఈమధ్యే బాగా తేలిన విషయం. బ్యాలెన్స్ ట్రయల్, 2024 నవంబర్. 7 దేశాల్లో 74 ఆస్పత్రులు, రక్తంలో బ్యాక్టీరియా ఉన్న 3,608 మంది, సగానికి పైగా ఐసీయూలో ఉన్నవాళ్లే. లాటరీ పద్ధతిలో సగం మందికి 7 రోజులు, సగం మందికి 14 రోజులు. 90 రోజుల్లో మరణాలు 7 రోజుల గుంపులో 14.5 శాతం, 14 రోజుల గుంపులో 16.1 శాతం. తక్కువ రోజులు ఏమీ తీసిపోలేదు. తీగమల్లి గారి ఇంట్లో వచ్చిన స్టెఫ్ ఆరియస్‌ని, ఇమ్యూనిటీ బాగా తగ్గినవాళ్లని అందులో చేర్చలేదు, వాళ్లకి ఈ లెక్క వర్తించదు.

ఒకటి అడగండి: 7 రోజులు ఎప్పటినుంచి లెక్కపెడుతున్నారు? మొదటి మందు పనిచేయలేదు కాబట్టి అది లెక్కలోకి రాదు.

#25 ఎర్రసిరా

అవును. మెరోపెనెమ్ మొదలైన రోజు, స్టెంట్ పడిన రోజు, ఈ రెండింట్లో ఏది తర్వాతైతే అక్కడినుంచి లెక్కపెట్టడం నా అలవాటు. మీ కేసులో రెండూ ఒకే రోజు, గొడవ లేదు.

#26 తీగమల్లి

వానచినుకు గారూ, ఇంటికి వచ్చాక సంగతి ఎవరూ చెప్పరు, నేను చెప్తా. మా ఆయన బాగా హుషారు మనిషి. వచ్చాక చాలాకాలం మెట్లు ఎక్కలేకపోయారు, రాత్రి ఉలిక్కిపడి లేచేవారు, చేసిన లెక్క మళ్లీ చేసేవారు, జుట్టు ఊడింది. సోమరితనం అనుకుని కసిరేదాన్ని. సెప్సిస్ తర్వాత ఇలా ఉండటం మామూలేనని తర్వాత ఫిజియోథెరపిస్ట్ చెప్పింది. రోజూ కొంచెం కొంచెంగా నడిపించండి.

#27 ఎర్రసిరా

ఇది నిజం. సెప్సిస్ నుంచి బతికిన పెద్దవాళ్లలో మతిమరుపు, సొంత పనులు చేసుకోలేకపోవడం ఏళ్ల తరబడి ఉండొచ్చని 2010లోనే అమెరికా అధ్యయనం చూపింది. మొదటి మూడు నెలల్లో మళ్లీ ఆస్పత్రిలో చేరేవాళ్లూ ఎక్కువే. వణుకు, ఊపిరి వేగంగా తీసుకోవడం, మాటలో తికమక, మూత్రం తగ్గడం, వీటిలో ఏది కనిపించినా పొద్దున చూద్దాం అనుకోకుండా తీసుకెళ్లండి. వయసు పైబడినవాళ్లలో జ్వరం రాకుండా ఒళ్లు చల్లబడటం కూడా ఉంటుంది. వెళ్లగానే "ఈమధ్యే సెప్సిస్ వచ్చింది" అన్నది మొదటి వాక్యంగా చెప్పండి.

#28 నైట్‌షిఫ్ట్

డిశ్చార్జ్ కాగితంలో బ్యాక్టీరియా పేరు, సెన్సిటివిటీ రిపోర్ట్ కాపీ, ఏ మందు ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, స్టెంట్ వేసిన తేదీ, తీయాల్సిన తేదీ ఉన్నాయో లేదో చూసుకోండి. చివరిది మరీ ముఖ్యం. మనిషి బాగున్నాడని స్టెంట్ సంగతి మర్చిపోయి నెలల తర్వాత దాని మీదే రాళ్లు కట్టి వచ్చినవాళ్లని చూశాను.

#29 వానచినుకు

నిన్న ఇంటికి వచ్చేశాం. నైట్‌షిఫ్ట్ గారూ, మీరు రాయకపోతే చూసేవాళ్లం కాదు, స్టెంట్ తీసే తేదీ నిజంగానే కాగితంలో లేదు. ఫోన్ చేసి రాయించుకున్నాను. మూడు వారాల తర్వాత రాయి తీసి, అప్పుడే స్టెంట్ సంగతి చూస్తారట. దానికి ముందు మళ్లీ యూరిన్ కల్చర్ ఇవ్వమన్నారు. జ్వరం లేదు కదా, అది అవసరమా?

#30 అగార్‌ప్లేట్

అవసరమే, మానొద్దు. రాయిలోనూ స్టెంట్ మీదా బ్యాక్టీరియా ఉండిపోతుంది, రాయి పగలగొట్టేటప్పుడు అది మళ్లీ రక్తంలోకి వెళ్లొచ్చు. రిపోర్ట్ ముందే చేతిలో ఉంటే ఆ రోజు ఏ మందు ఇవ్వాలో వాళ్లకి తెలుస్తుంది. రిపోర్ట్ రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది కాబట్టి ఆపరేషన్‌కి ముందురోజు కాకుండా వారం ముందే శాంపిల్ ఇవ్వండి. పాత సెన్సిటివిటీ కాపీ కూడా తీసుకెళ్లి చూపించండి.